తెల్లపిట్ట మొహం తిప్పుకున్న రోజు

పోయిన ఆదివారం మధ్యాహ్నం సూరత్ అమ్రోలిలో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో, మనవరాలి స్నేహితులు వచ్చారని పోహా చేసి పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళిన నేను, బల్ల మీద పరిచిన కాగితాల మధ్య ఒక బొమ్మను చూసి, చేతిలో పళ్ళెం ఉన్న సంగతే మరిచిపోయి నిలబడిపోయాను. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న ఒక రోగి, ఆ మంచం పట్టె మీద వాలిన ఒక తెల్లపిట్ట, మెడ సాచి రోగి కళ్ళలోకి సూటిగా చూస్తున్న దాని చూపు. ఆ బొమ్మను నేను మొదటిసారి చూసి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటి కాగితం మీద రంగులు నిగనిగలాడుతున్నాయి, అప్పటి కాగితానికి ఒక మూల కత్తెర కాటు ఉండేది, అంతే తేడా.

ఈ పిల్లలు ఆడే ఆట ఎలాంటిదో మన వయసు వాళ్ళకు చెప్పడం కొంచెం కష్టమే. చదరంగంలా గళ్ళ బల్ల ఉండదు, పేకాటలా ముక్కలు ఉండవు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు తలా ఒక వేషం వేసుకుని, అంటే నోటితోనే వేసుకుని, ఒకడు విలుకాడై, ఒకతె మంత్రగత్తెయై, ఎదురొచ్చిన మృగంతో తామేం చేస్తారో చెబుతుంటారు, చెప్పింది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి, ఆ పాచికలకు కూడా ఆరు ముఖాలతో సరిపెట్టక ఇరవై ముఖాలు చెక్కారు మహానుభావులు. మా అమ్మాయికి ఇదంతా పొద్దు పుచ్చే పని అని కోపం. నాకు మాత్రం ఆ పిల్లలు ఫోన్లు పక్కన పడేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గంటల తరబడి లేని అడవిలో తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది.

ఆ గుంపులో కథ నడిపేది మా మనవరాలే. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట యూరపు దేశాల మఠాల్లో సన్యాసులు మృగాల బొమ్మలు గీసి, ఒక్కొక్క దాని స్వభావం ఇదీ అని రాసిపెట్టిన పుస్తకాలు ఉన్నాయట, వాటిలోంచి జంతువుల్ని ఏరి తెచ్చి, మన సూరత్ నేలకు అలవాటు చేసి, ఇక్కడి భూతాల్లా మార్చి ఆటలో దింపుతోంది. ద్వీపం లాగా నీళ్ళ మీద తేలి, పడవ వాళ్ళు దిగి పొయ్యి వెలిగించగానే మునిగిపోయే మహా మత్స్యాన్ని తాపీ నదిలో, మా అమ్రోలి వంతెన కిందే పెట్టింది. ఆ పిల్ల పుట్టడానికి చాలా ఏళ్ళ ముందు ఇంకొక మనిషి ఆ చేపను ఆ ఏట్లోనే పెట్టాడు, ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

నన్ను చూసి మా మనవరాలు పిట్ట బొమ్మ పైకెత్తి, మూడు భాషలు కలిపి ఎప్పటిలాగే గడగడా మొదలుపెట్టింది: "అమ్మమ్మా, జోనే, ఇటు చూడు, ఈ పిట్ట మస్తు డేంజర్ తెల్సా? పేషెంటు దిక్కు చూస్తే బచ్ గయా, మొహం తిప్పుకుందా, ఖతం. దీనికి రూలు ఏం పెట్టాలో సమజైతలేదు." నాకు సమజైంది. పళ్ళెం వాళ్ళ కాగితాల మీదే పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మా ఊళ్ళో చేతిమగ్గం మూలపడ్డాక మా బాపు, అంటే మా నాన్న, అందరికన్నా ముందు సూరత్ వచ్చి ఉధ్నాలో సాంచెల మీద చేరాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. ఆ తర్వాత ఆయన తమ్ముడు మా చిన్నబాపు, ఆ వెనక మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, చివరికి అమ్మా నేనూ వచ్చాం. అందరికీ కలిపి ఒకటే గది. అడ్డంగా చిందీ గుడ్డపీలికలు కలిపి కుట్టిన ఒక తెర, తెరకు లోపల వెనక గోడ పక్కన అమ్మ పడుకునే నవారు మంచం, ఇవతల మిగతా ప్రపంచం. చుట్టూ సాంచెల మోత ఎంతగా అలవాటైపోయిందంటే, వారానికొక సెలవు రోజు అవి ఆగినప్పుడు చెవుల్లో ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది, మేము మాట్లాడుకున్నది మాకే వినిపించి సిగ్గేసేది.

మా మామ సాంచె మీద పనివాడే గానీ, అతని మనసు అక్కడ ఉండేది కాదు. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి పటం కథలు చెప్పేవాళ్ళ వెంట ఊళ్ళు తిరిగాడు, గుడ్డ మీద గీసిన బొమ్మను కర్రతో చూపిస్తూ కథ కట్టడం అక్కడే నేర్చాడు. సెలవు రోజు మధ్యాహ్నం చాప పరిచి గదిలో అందరికీ కథ చెప్పేవాడు. మా చిన్నబాపుకు ఒక దుర్గుణం, ఎంత మంచి కథ చెప్పినా మధ్యలో దూరి, వాడు అలా ఎందుకు చేశాడు, నేనైతే ఇలా చేసేవాణ్ణి అని అడ్డుపడేవాడు. ఒకరోజు మామకు ఒళ్ళు మండి, అయితే నువ్వే చెయ్యి, ఏం చేస్తావో చెప్పు, జరుగుతుందో లేదో గవ్వలు చెబుతాయి అని మా ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చీసు గవ్వలు చాప మీద విసిరాడు. ఎక్కువ గవ్వలు వెల్లకిలా పడితే అనుకున్నది జరిగినట్టు, బోర్లా పడితే లేనట్టు. మా ఆట అలా పోట్లాటలోంచి పుట్టింది, ఈ భూమ్మీద అలాంటి ఆట ఇంకొకటి ఉంటుందని మాకెవరికీ తెలియదు.

ఇక ఆ మృగాలు మా గదిలోకి వచ్చిన వైనం వినండి. మా చిన్నబాపు కొన్నాళ్ళు సూరత్‌లోనే ఖటోదరాలో చీరల అచ్చుల కార్ఖానాలో పనిచేశాడు. అక్కడ డిజైన్లు గీసేవాళ్ళు పాత కాగితాలమ్మే పస్తీ దుకాణాల్లో దొరికిన పాత విదేశీ బొమ్మల పుస్తకాలు కొని, అందులోంచి పూలు, లతలు, అంచులు కత్తిరించుకుని వాడుకునేవాళ్ళు. పని అయిపోయిన ఒక పుస్తకం చెత్తలో పడేస్తుంటే చిన్నబాపు అడిగి తెచ్చుకున్నాడు. పేజీల నిండా చిన్న చిన్న కిటికీల్లా ఖాళీలు, పువ్వన్నది ఒక్కటి మిగల్లేదు. మిగిలినవన్నీ ఏ ఆడదీ చీర మీద వేసుకోవడానికి ఒప్పుకోని మృగాలే. రెండు కొసలా తలలున్న పాము, కొమ్ములు లోపలికి మెలితిరిగిన ఎద్దు, ముళ్ళ మీద ద్రాక్షపళ్ళు గుచ్చుకుని పోతున్న ఏదుపంది లాంటిది. మామ చేతులు తుడుచుకుని ఆ పేజీలు తిప్పాడు. పటం ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు దాన్ని.

పదో తరగతి పాసైన ఘనతతో, బొమ్మల కింద ఉన్న ఇంగ్లీషును డిక్షనరీ పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివి చెప్పే పని నాకు అప్పగించారు. సగం అర్థమయ్యేది, సగం ఊహించేదాన్ని. చదవడం అయ్యాక మామ మూడు ప్రశ్నలు వేసేవాడు: ఇది ఏం తింటుంది, దేనికి జడుస్తుంది, ఇక్కడికి ఎందుకొచ్చింది. మొదటి రెండింటికీ పుస్తకంలో ఏదో ఒకటి ఉండేది. మూడోదానికి జవాబు ఎప్పుడూ ఉండేది కాదు, దాని మీదే మామ రోజంతా కూర్చునేవాడు. ఏ మృగమూ ఊరికే రాదని, దేశం విడిచి ఇంత దూరం వచ్చిందంటే దానికేదో కష్టం ఉందని అతని నమ్మకం. సూరత్‌లో మా గదిలో కూర్చుని ఆ మాట అంటుంటే కాదనే మనిషి ఎవరుంటారు?

ఆ ఎద్దు సంగతి చెప్తే మీరు నవ్వుతారు. తరిమేవాళ్ళ మీద పేడ చల్లి చేలకు చేలు తగలబెట్టే స్వభావం దానిది, సన్యాసులే రాశారు, నేను కల్పించింది కాదు. మామ దాన్ని ఖటోదరాలో రంగుల కార్ఖానాల కాలువలో కాపురం పెట్టించాడు, ఆ కాలువ రోజుకో రంగులో పొగలు కక్కుతూ పారడానికి ఇదే కారణమన్నాడు. ఏదుపంది మా సందులో కండెలు దొంగిలించే దయ్యమైంది, నూలు చుట్టిన కండెల మీద పొర్లి ముళ్ళకు గుచ్చుకుని పోతుందన్నమాట. ఇక రెండు తలల పాముకు ఒక తల ఊరి దిక్కు లాగుతుంది, ఇంకొకటి సూరత్ దిక్కు లాగుతుంది, అందుకే అది రైలు పట్టాల పక్కన ఎటూ కదలలేక పడి ఉంటుందని మామ అన్నప్పుడు గదిలో ఎవరూ నవ్వలేదు, చిన్నబాపు కూడా.

మా ఆటలో మృగాన్ని చంపడం లేదు. అది మామ కట్టుబాటు. మా ఊళ్ళల్లో జబ్బులు వచ్చిన ఏడు పసుపన్నం వండి, వేపమండలు పట్టుకుని, డప్పు కొడుతూ ఆ వచ్చినదాన్ని పొలిమేర దాకా మర్యాదగా సాగనంపే ఆచారం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కసిరితే తిరిగొస్తుంది, తృప్తిపరిచి పంపితే పోతుంది. మామకు మృగాలన్నిటికీ అదే మందు. ఆ పామును ఎలా పంపాలి? రెండు తలలూ ఒకే వైపు చూస్తే అది కదులుతుంది. మేమంతా తల పట్టుకుని కూర్చుంటే, పక్క గది నుంచి ఆటకొచ్చే వదిన దాని నడుము దగ్గర కూర్చుని బతుకమ్మ పాట ఎత్తుకుంటానంది, అనడమే కాదు ఎత్తుకుంది, గవ్వలన్నీ వెల్లకిలా పడ్డాయి. అప్పుడు తెర వెనక అమ్మ మంచం కిర్రుమనడం నాకు వినిపించింది. అమ్మ వింటోందని ఆ రోజే తెలిసింది.

అమ్మ సంగతి ఇప్పటిదాకా చెప్పకుండా దాటేస్తున్నాను, ఎందుకంటే అది చెప్పడం ఇప్పటికీ కష్టమే. సూరత్ వచ్చిన ఏడాదికి అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్ళు, గోళ్ళు, చివరికి ఆమె చెమట అంటిన దిండు కూడా పచ్చబడింది. డాక్టరు మందులిచ్చాడు, చప్పిడి పథ్యం పెట్టాం, కామెర్లు తగ్గుముఖం పట్టాయి గానీ మనిషి లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు, అన్నం నోట్లో పెడితే అలాగే ఉంచుకునేది. డాక్టరు మా బాపును పక్కకు పిలిచి, మందు చేసే పని అయిపోయింది, ఇక తినాలన్నా లేవాలన్నా ఆమెకే అనిపించాలి, లేకపోతే ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను అన్నాడు. బాపు వచ్చి ఆ మాట మాకు చెప్పి, సాంచె మీదికి వెళ్ళిపోయాడు. మగ్గం మీద పోగు తెగితే ముడి వేయగల మనిషి, ఇక్కడ ఏం పట్టుకోవాలో తెలియక చేతులు ఊరికే రుద్దుకుంటూ ఉండేవాడు.

ఆ రోజుల్లోనే తెల్లపిట్ట పేజీ వచ్చింది. ఆ పిట్ట రాజుల కోటల్లో ఉంటుంది, రోగి ముందు పెడితే, బతికేవాడైతే కళ్ళలోకి చూసి రోగాన్ని తనలోకి లాక్కుని సూర్యుడి దాకా ఎగిరిపోతుంది, చచ్చేవాడైతే మొహం తిప్పుకుంటుంది. చివరి మాట తెర వైపు చూసి మెల్లగా చదివాను. మామ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ పేజీ మడిచి, ఇది మన ఆటకు వద్దులే అన్నాడు. కానీ తెర పల్చనిది, గది చిన్నది, ఆ పిట్ట సంగతి గదిలో అందరికీ తెలిసిపోయింది.

తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం మేము చాప మీద కూర్చుంటే, అంతవరకు ఏనాడూ ఆట వైపు చూడని మా బాపు వచ్చి చాప అంచున కూర్చున్నాడు. కూర్చుని, "ఆ తెల్లపిట్టను పిలువు బామ్మర్దీ," అన్నాడు.

మామ గవ్వలు గుప్పిట్లో మూసేశాడు. "వద్దు బావా. అది ఉత్త ఆట."

"ఉత్త ఆటనే అయితే నీకు బయమెందుకు?"

మామ గవ్వలు పక్కన పెట్టి, ఒక కండె తీసుకుని దానికి తెల్ల నూలు చుట్టాడు, బొగ్గుతో ఒక వైపు ముక్కు, రెండు కళ్ళు పెట్టాడు. తెర పక్కకు జరిపి, అమ్మ మంచానికి ఎదురుగా చాప మీద నిలబెట్టాడు. అమ్మ గోడ వైపే తిరిగి ఉంది. గవ్వలు బాపు చేతికి ఇచ్చి, మృగం స్వభావం మార్చడానికి లేదు, గవ్వలు రెండోసారి విసరడానికి లేదు అని ఎప్పుడూ చెప్పే కట్టుబాటే చెప్పాడు, కాకపోతే ఈసారి తల వంచుకుని చెప్పాడు. బాపు విసిరాడు.

గవ్వలు బోర్లా పడ్డాయి. నేను ఒక్కొక్కదాన్ని కళ్ళతోనే తిప్పి చూశాను, ఎన్నిసార్లు చూసినా బోర్లానే ఉన్నాయి. సాంచెలు ఆగిన రోజు కదా, సందులో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆట పేరుతో మేమేం చేశామో అప్పటికి గానీ మాకు తెలియలేదు. మామ అబద్ధం ఆడతాడేమో, పిట్ట చూసిందని చెప్తాడేమో అని ఆశపడ్డాను. ఆడలేదు. ఆ తెల్ల కండెను పట్టుకుని, దాని మొహాన్ని అమ్మ మీంచి తిప్పి గుమ్మం వైపు పెట్టాడు.

అప్పుడు మంచం కిర్రుమంది. అమ్మ ఇటు తిరిగింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె మొహం చూశాం మేమంతా. ఎముకల మీద చర్మం, ఆ చర్మం కింద ఇంకా పోని పసుపు. ఆ పిట్ట వీపు వైపు కాసేపు చూసి, మునుపటిలాగే, పొయ్యి దగ్గర మమ్మల్ని కసిరే గొంతుతోనే అంది: "అది గా దిక్కు మొకం తిప్పుకుంటే నేనే గా దిక్కు పోయి కూసుంట. నాకు కాళ్ళు లెవ్వా?"

అని లేచింది. పట్టుకోబోయిన నన్ను చేత్తో తోసేసింది. గోడ పట్టుకుని, ట్రంకు పెట్టె పట్టుకుని, బాపు భుజం మీద చెయ్యి ఆనించి, చాప చుట్టూ అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా నడిచింది. సూరత్ వచ్చిన నాటి నుంచి అయిష్టంగా తప్ప ఎప్పుడూ నిలబడని ఆ గుమ్మంలో, గడప మీద, సందుకు వీపు పెట్టి, పిట్టకు ఎదురుగా కూర్చుంది. వెనక నుంచి ఎండ పడుతోంది. "ఇగ సూడుమను," అంది.

మా మామకు జీవితంలో మొదటిసారి మాట తడబడింది. "అక్కా, గిట్ల ఆ బుక్కుల లేదక్కా..." అన్నాడు.

"సన్నాసులు రాసిన బుక్కంటిరి గదరా. సంసారం జేసేటోళ్ళు జర మొకం తిప్పుకుంటే ఇడిసిపెట్టి పోతరా?"

పిట్ట స్వభావం మొహం తిప్పుకోవడం, తిప్పుకుంది. గవ్వల మాట చెల్లింది. రోగి లేచి అటు వైపు వెళ్ళకూడదని మాత్రం ఏ సన్యాసీ రాయలేదు, ఏ కట్టుబాటులోనూ లేదు. మా అందరిలో ఒక్కరికీ తోచలేదు, గోడ వైపు తిరిగి పడుకున్న మనిషికి తోచింది. మామ చాప మీద సాష్టాంగం పడ్డంత పని చేశాడు. బాపు మొహం అరచేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడు, చిన్నబాపు ఏం చేయాలో తెలియక పోయి నీళ్ళ చెంబు తెచ్చాడు. ఇంత వయసొచ్చింది, గుళ్ళూ గోపురాలూ, సముద్రాలూ చూశాను. ఒళ్ళు అంతలా జలదరించింది మళ్ళీ లేదు. ఆ సాయంత్రం అమ్మ ఆ గడప మీదే కూర్చుని మజ్జిగన్నం తిన్నది.

అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక, రోగాన్ని మోస్తున్న పిట్టను అలా ఉంచకూడదు, సాగనంపాలి అన్నాడు మామ. తెల్ల నూలుకు పసుపు పట్టించాడు. మా ఊరి పొలిమేర ఇక్కడ ఎక్కడిది, సందు చివర మురికినీళ్ళు పారే ఖాడీనే పొలిమేర అనుకున్నాం. వేపమండలు పట్టుకుని, స్టీలు పళ్ళెం గరిటెతో వాయిస్తూ అమ్మ ముందు నడుస్తుంటే మేము వెనక నడిచాం. సందులో ఉండే ఒడియావాళ్ళు, యూపీవాళ్ళు ఇదేదో మా దేవత ఊరేగింపనుకుని చెప్పులు విడిచి వెంట వచ్చారు, ఒక గుజరాతీ ముసలమ్మ పిట్టకు దండం పెట్టి తన మోకాళ్ళ నొప్పి చెప్పుకుంది. ఇది ఆట అని వాళ్ళకు చెప్పడానికి మాకు నోరు రాలేదు, అప్పటికి మాకు కూడా అది ఆటో కాదో తెలియదు. మరుసటి ఏడు అదే కాలంలో ఆ ముసలమ్మే వచ్చి, మీ తెల్లపిట్టను ఎప్పుడు పంపుతున్నారని అడిగింది. అలా చాలా ఏళ్ళు నడిచింది. ఎక్కడో మంచు దేశంలో ఒక సన్యాసి గీసిన పక్షి ఉధ్నా సందులో పసుపు పూసుకుని జనాల దండాలు అందుకుంది, దాని వెనక సంగతి తెలిసినవాళ్ళు మా గదిలో వాళ్ళమే.

అమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. నా పెళ్ళి చేసింది, నా బిడ్డను ఒళ్ళో వేసుకుని నీళ్ళు పోసింది. చివరికి వయసుతో మంచం పట్టినప్పుడు కాళ్ళు లేవలేదు. అప్పటికి తల నెరిసిన మా మామ ఒకనాడు వచ్చి ఆమె మొహం చూసి, మంచం ఒక కోడు పట్టుకున్నాడు. చిన్నబాపు ఒకటి, బాపు ఒకటి, నేనొకటి పట్టుకున్నాం. ఎత్తి తల వైపు కాళ్ళ వైపుకు తిప్పి దించాం. పిట్టకు ఎదురు పెడుతున్నామని అమ్మకు తెలిసి నవ్వింది. ఆ పూట జావ తాగింది. నీరసపడ్డప్పుడల్లా తిప్పేవాళ్ళం, తిప్పినప్పుడల్లా ఇంకొన్నాళ్ళు ఉండేది. ఒకరోజు మళ్ళీ కోళ్ళు పట్టుకుంటే అమ్మ చెయ్యి కొద్దిగా ఎత్తి ఆపింది. "ఇగ సాలు. పాపం, ఆ పిట్ట గూడ ఎన్నిసార్లని తిరుగుతది," అంది. మేము మంచం వదిలేశాం.

ఇదంతా చెప్పి చూసేసరికి పోహా చల్లారిపోయింది, ఒక్కరూ ముట్టుకోలేదు. మనవరాలు పెన్ను మూత తీసి, పిట్టకు సగం రాసిపెట్టుకున్న రూలు కొట్టేసి కొత్తది రాసింది: పాచికలు ఎటు చెప్పినా రోగి లేచి పిట్టకు ఎదురు వెళ్ళవచ్చు, లేవలేకపోతే పక్కవాళ్ళు మంచం తిప్పవచ్చు. ఎన్నిసార్లు అని ఒక పిల్లాడు అడిగాడు. మంచం మీద ఉన్న మనిషి చాలన్నదాకా అని నేను చెప్పాను. ఆ ఒక్క రూలు నాదే, దానికి నాకు గర్వంగానే ఉంది.

అంతలో మనవరాలికి ఏం తోచిందో, లేచి నా గదిలోకి వెళ్ళింది, దాని వెనకే మిగతా పిల్లలూ వెళ్ళారు. నా మంచం ఈ కాలపు పెట్టె మంచం, కింద సొరుగుల నిండా బొంతలు, అక్కర్లేని గిన్నెలు, ఇల్లు కొన్నప్పుడు వడ్రంగి దాన్ని గోడకు బిగించి వెళ్ళాడు. అయిదుగురు పిల్లలు నాలుగు మూలలా పట్టుకుని బలమంతా పెట్టి లాగారు, అది కదిలితేగా. నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. మా ఉధ్నా గదిలో చెయ్యి చాస్తే ఇంకొకరికి తగిలేది, తలుపుకు గడియ సరిగా పడేది కాదు, ఆ బతుకు మళ్ళీ కావాలని నేను ఏ దేవుణ్ణీ కోరను. కానీ ఆ గదిలో ఒక మనిషి మొహం గోడకు తిప్పుకుంటే అందరికీ తెలిసేది, మంచం ఎత్తడానికి చేతులు పిలవకుండానే వచ్చేవి. ఇప్పుడు తలా ఒక గది ఉంది, ఎవరు ఏ గోడ వైపు తిరిగి పడుకున్నారో తెల్లారి టీ దగ్గర కూడా తెలియదు.

పిల్లలు వెళ్ళిపోయాక మనవరాలు ఒక్కతే మళ్ళీ నా గదిలోకి వచ్చింది. మంచం వైపు ఒకసారి చూసి, నా దిండు తీసి, కాళ్ళు పెట్టే వైపు పెట్టి, దుప్పటి సర్దింది. మోకాళ్ళు పట్టేసిన నేను ఇటు నుంచి అటు తిరిగి పడుకోవడానికి కొంచెం సేపు పట్టింది. అటు తల పెడితే నాకు ఇన్నేళ్ళూ కనిపించే గోడకు బదులు తలుపు కనిపిస్తోంది, తలుపులోంచి హాల్లో బల్ల మీద గవ్వలు లేని వాళ్ళ ఆట, ఆ కాగితాల మధ్య తెల్లపిట్ట. మోకాళ్ళకు నేను వేసుకునే మందులేమీ మారలేదు గానీ, ఆ రోజు నుంచి నేను ఇటే తల పెట్టి పడుకుంటున్నాను.